నెలకెంత మిగుల్తది

హన్మకొండ నయీంనగర్ల, టైర్ల దుకాణం మీద
పదకొండు మెట్లెక్కితే నా ఆఫీసు.
బోర్డు మీద ఆర్థిక ప్రణాళిక అని రాయించిన.
మొదటి వారం ముగ్గురొచ్చిండ్రు.
ఒకాయనకు లోను గావాలె.
ఒకామెకు పాన్ కార్డుల పేరు తప్పువడ్డది.
మూడో ఆయన బాత్రూం యాడున్నదని అడిగిండు.

మా బాపు చిట్టీల ఏజెంటు.
రంగశాయిపేట నుంచి కాశిబుగ్గ దాక
పాలోని కంటె ముందు ఆయన సైకిలు గంట వినవడేది.
జేబుల రసీదు బుక్కు, చెవి మీద నీలి పెన్ను.
షట్టరు వడ్డనాడు
కంపెనీ పోయింది, పెన్ను మిగిలింది.
నలభై రెండు మంది మా వాకిట్ల కూసున్నరు,
రసీదుల మీద సంతకం బాపుది గద.
నాకప్పుడు ఎనిమిదో తరగతి.
వాళ్ల చాయ్ గ్లాసులు కడుక్కుంట
చక్రవడ్డీ నేర్చుకున్న.

పరీక్ష పాసైన్నాడు బాపు స్వీటు తినలేదు.
"ఇగ నువ్వు ఎవరి కాయితం మీద సంతకం వెడ్తవు బిడ్డా?"
అని ఒక్క మాటన్నడు.

పుస్తకాలల్ల మనుషులు ఇస్త్రీ చేసినట్టుంటరు.
ఒకటో తారీఖు జీతం, అరవై ఏండ్లకు విశ్రాంతి.
ఎనుమాముల మార్కెట్ల హమాలికి
నెల అనేది ముప్పై రోజులు గాదు.
మిర్చి ఎర్రగొస్తే ఒక నెల,
తాలు వడితే ఆ నెల లేనట్టే.
ఆ గడిల ఏం రాయాలో
ఏ మాస్టరూ చెప్పలేదు.

భూపాలపల్లి బస్సు దిగి ఓదెలన్న వచ్చిండు.
ముప్పై ఒక్క ఏండ్లు భూమి లోపట పనిచేసిండు.
రిటైరైన పైసల కాయితం బనీను జేబుల,
చేతిల రంగురంగుల బ్రోచరు.
ప్లాటు, తూర్పు ముఖం, రెండేండ్లల్ల డబులు.
బొమ్మల ఈత కొలను, పక్కన ఒక తెల్ల గుర్రం.
ఇన్నేండ్లు చీకట్ల నడిచినోనికి
ఆ పచ్చటి గడ్డి వద్దని ఎట్ల చెప్పాలె?

"ఇంట్ల ఖర్చులు వోను నెలకెంత మిగుల్తదన్నా?"
ఓదెలన్న కిటికీ దిక్కు చూసిండు.
"గది నర్సమ్మకెర్క. కిందున్నది.
మోకాళ్లు, ఎక్కలేదు."

ల్యాప్‌టాపు మూసి కిందికి పోయిన.
పాత టైరు మీద కూసొని
నర్సమ్మ వేళ్ల కణుపులు లెక్కవెడుతున్నది.
బియ్యం, గ్యాసు, ఆయన దమ్ము మందులకు పద్దెనిమిది వందలు,
మనుమరాలి ఆటో,
ఎవరన్న సస్తే పోవుటానికి బస్సు కిరాయి.
అది గూడ లెక్కల ఉన్నది.
నా పట్టికల ఆ వరుస లేదు.
"మరి మిగిలేదెంతమ్మా?"
"మిగుల్తదా బిడ్డా, మిగిలియ్యాలె గని."

మేమిద్దరం టైర్ల మీదనే లెక్క కట్టినం.
ఓదెలన్న మూడో వంతు ప్లాటుకే పెట్టిండు.
నేను ఆపలేకపోయిన.
మిగిలింది నర్సమ్మ మాట మీద నిలవడ్డది.
సాయంత్రం ప్లాటు కంపెనీ ఫోను,
"మేడం, మీ రెండు శాతం..."
రెంటు కట్టాల్సిన తారీఖు మరునాడే.
అబద్ధమెందుకు, ఫోను పెట్టెయ్యడానికి
కొంచెం సేపు వట్టింది.

ఒకటో తారీఖు బాపు వచ్చిండు.
కుర్చీల గిరాకీ లెక్క కూసున్నడు.
నలభై ఇద్దరిల ఇంక ఏడుగురున్నరట.
పేర్లు చదివిండు, ఇద్దరు చనిపోయిండ్రు,
వాళ్ల పిల్లల పేర్లు రాయమన్నడు.
పింఛన్ల నెలకెంత తీస్తే
తను పొయ్యేలోపల తీరుతదో చెప్పమన్నడు.
చెప్పిన.
ఐదువందల నోటు టేబుల్ మీద వెట్టి
"రసీదు రాయి" అన్నడు.
పెన్ను ఆయనే ఇచ్చిండు.
సంతకం పెట్టిన. రెండుసార్లు చదువుకొని
మడిచి జేబుల వెట్టుకున్నడు.

మెల్లగ దిగుతున్నడు, కట్టె చప్పుడు వినవడుతున్నది.
కొంచెం ఆగి కింది నుంచి కేకేసిండు:
"పదకొండు గాదు బిడ్డా, పన్నెండున్నయి.
కింది మెట్టు నువ్వు లెక్కవెట్టలే."